నేను కూసున్న బెంచీలు

ఇగో ఈ నోటుబుక్కు, ఉశెనమ్మా,
పిల్లలు సగం లెక్కలు చేసి ఇడిసిపెట్టింది.
ముందు పన్నెండు పేజీలు ఎక్కాలు,
పదమూడో పేజీ కాన్నుంచి నేను.

నాకు రాత రాదు, నీకెరుకే.
నేను చెప్పిన, మా చిన్నోడు రాసిండు.
అండ్ల వాని తప్పులున్నయి,
నా అబద్ధాలు మాత్రం లెవ్వు.

భీవండిల గోడ పడ్డనాడు
ఇసుక జల్లెడ పడుతున్న.
నా తర్వాత జల్లెడ అందుకోవాల్సిన మనిషి
గోడ కింద ఉన్నది.
గంతవరకే చెప్త. మిగిలింది ఈ పుస్తకంల లేదు,
ఉండాల్సిన పని గూడ లేదు.

నువ్వడిగింది వేరే: యాడికి పోవాలె?

నా మొదటి పేజీల సంత కాడి సూది డాక్టరు.
కొట్టేసి ఉన్నది సూడు, అడ్డగీత.
నాలుగు వేలు. మూడు రోజులు నిద్ర.
నాలుగోనాడు టిప్పర్ చప్పుడైతే
మల్ల మంచం కింద దూరిన.

తర్వాత తాయెత్తు. దాన్ని కొట్టెయ్యలే.
కట్టిన ముసలాయన పైసలు ముట్టలేదు,
పక్కన కూసోని గంటసేపు బీడీ తాగిండు, గంతే.
మంచిదే, కానీ మందు కాదు అని రాపిచ్చిన.

పాలమూరు పెద్ద దవాఖాన:
ఎక్స్‌రే గది దాటి, మెట్ల కింద చిన్న తలుపు.
సోమారం పోకు, జాతర లెక్క ఉంటది.
బుధారం పో, నీళ్ల సీస పట్టుకపో.
ఫ్యాను గడగడ కొట్టుకుంటది,
కూలుతదేమో అనిపిస్తది. కూలదు.
నేను ఐదుసార్లు దాని కింద కూసున్న.
అక్కడి పిల్ల "మర్చిపో అమ్మా" అనదు.
"ఇప్పుడు నీ పాదాలు దేని మీదున్నయి" అని అడుగుతది.
ఎడ్డి ప్రశ్న అనుకున్న.
బండ మీద, సల్లగున్నది అన్న.
ఆ సల్లదనం కోస్గి బస్సు దాక నాతోటి వచ్చింది.

పక్క పేజీల అక్షరాలు వేరే:
మక్తల్ కాడి లారీ క్లీనరు జహంగీర్ రాసిండు.
"సాయంత్రం ఐదైతే నాకు గూడ చెమటలు.
నేనొక్కన్నే అనుకున్న."
దవాఖాన పేరు లేదు, గోలి పేరు లేదు.
అందరూ మొదలు ఆ పేజీనే ఇప్పుతరు,
మూలలు నలిగిపోయినయి.

ఒక్కటే కట్టుబాటు:
ఇన్నది రాయొద్దు. నువ్వు కూసున్న బెంచీనే రాపియ్యి.
నాకు పనికొచ్చింది నీకు రాకపోవచ్చు,
అప్పుడు నా మాట మీద నీ గీత కొట్టు, నేనేమనుకోను.
ఏడాదైంది, ఆ పిల్ల బదిలీ అయ్యిండొచ్చు;
అయితే అది గూడ రాపియ్యి.

రాత్రిపూట సదువకు.
నేనింకా టిప్పరొస్తే అదురుత.
మంచం కిందికైతే పోను, గడప దాక పోత,
అది మలుపు తిరిగేదాక నిలవడి సూస్త.

అట్ట ఊడుతున్నది, పైలం.
బుధారం మొదటి బస్సుకు
నేను గూడ వస్తలే.