పార్సెల్ కాటా

ప్రతి సోమవారం వాల్తేరు స్టేషన్లో
రొయ్యల బుట్టలు దిగిపోయాక
తడారని కాటా మీద మా పిన్ని అప్పలకొండ నిలబడేది.
పార్సెల్ గుమస్తా దేవసహాయం గుండు జరిపి
"నలభై ఏడున్నర. అర కేజీ ఎక్కువ" అనేవాడు.
"నిన్న పనసపొట్టు కూర" అనేది పిన్ని.
ఆ పనసపొట్టుని బుధవారం ఆయన భుజాలు మోయాలి.

రైల్వే ఇన్‌స్టిట్యూట్లో టేకు చెక్కల నేల,
చెక్క చక్రాల స్కేట్లు,
గ్రామఫోను తిప్పడానికి తొమ్మిదేళ్ళ నేను.
కీ సడలితే పాట సాగేది,
పాట సాగితే గాల్లో ఉన్న పిన్ని
ఇంకాసేపు గాల్లోనే ఉండాలి.
తిట్లు నాకు.

వాళ్ళ గురువు పాత పత్రికలో ఒక బొమ్మ:
ఎక్కడో మంచు మీద ఇద్దరు, ఒంటికాళ్ళ మీద.
మంచంటే ఏమిటో చూద్దామని
రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీకి పోయాం ముగ్గురం.
ఊకలో పడుకున్న దిమ్మ మీద పాదం ఆనించి
"ఓలమ్మ, కాల్తందిరా!" అంది పిన్ని.
దేవసహాయం ఆ కాలిని తువ్వాలుతో తుడిచాడు.
చేపల వాళ్ళు నవ్వారు.

కలకత్తా పోటీకి ఫారం వచ్చింది.
జోడీతో బంధుత్వం: భర్త, సోదరుడు.
వర్తించనిది కొట్టివేయండి.
పిన్ని రెండూ కొట్టేసింది.
"మరేటవుతాడే నీకు?" అని మా అమ్మ.
"ఆడికి నాను బరువు. నాకు ఆడు నేల."

మూడు జంటల్లో మూడో స్థానం.
సర్టిఫికెట్ మీద: దేవసహాయం మరియు భాగస్వామి.
తిరుగు రైల్లో ఆయన తన పెన్నుతో
ఆ మాట కొట్టేసి పైన అప్పలకొండ అని రాశాడు.
రైలు కుదుపుకి కొండ పక్కకి ఒరిగింది.
ఇప్పటికీ ఒరిగే ఉంది.

తొమ్మిదేళ్ళు ఆడారు. ఆయన భుజం జారింది.
ఇన్‌స్టిట్యూట్ నేల మీద సిమెంటు పోశారు.
పిన్ని పోర్టు ఆఫీసులో ఫైళ్ళు మోసింది.
సిరిపురం డౌన్ దిగేటప్పుడు మాత్రం
కుడిచెయ్యి కొంచెం వెనక్కి చాపి నడిచేది,
ఎవరైనా పట్టుకుంటారని కాదు,
పట్టుకునే ఉన్నట్టు.

దేవసహాయం పోయిన రోజు వాన.
చర్చిలోంచి పెట్టె ఎత్తుతుంటే
ఆడవాళ్ళు పట్టకూడదన్నారెవరో.
పిన్ని ఎడమవైపు, మధ్యలో, భుజం దూర్చింది.
"ఎంతుంటాడంటావు?" అనడిగింది నన్ను.
నేనేం చెప్తాను.
"డెబ్భై ఒకటి. నా తరవాత ఆడూ ఎక్కీవోడు కాటా."

నడిచారు.
పిన్ని అడుగు మూడేసి లెక్కలో పడుతోంది.
మిగతా ఐదుగురూ తడబడుతున్నారు.