మూడు చుక్కలు చాలు

కుర్చీ ఇటు లాక్కో సెఖోబె.
మసేరులో ఎనిమిదింటికి కరెంటు తీసేస్తారు,
ఇప్పుడు ఆరున్నర.
ఈలోగా ఒక కొండవాలు మొత్తం
పటంలోకి ఎక్కాలి.

ముందు నీ ఎడమచేతికి పని చెప్పు,
ఊరికే టీ కప్పు పట్టుకుని కూర్చుంది.
మౌసు మీద కుడిచెయ్యి గొర్రెల కాపరి.
మీటల మీద ఎడమచెయ్యి కుక్క,
అరవకుండా మందను తిప్పే రకం.

పైనుంచి చూస్తే మా ఇళ్లు గుండ్రన.
నువ్వేమో ఒక్కో ఇంటి చుట్టూ పదహారు చుక్కలు,
పసిపిల్ల పూసలు గుచ్చినట్టు.
మూడు చుక్కలు చాలు.
పెట్టి, ఆ 'ఓ' మీట నొక్కు.
చూశావా, ఇల్లు తనే ఒళ్లు సర్దుకుంది.
రేకుల ఇల్లైతే నాలుగు మూలలు, 'క్యూ'.
వంకరగా పెట్టినా పర్లేదు,
బడిలో పేరు పిలిచినట్టు నిటారుగా నిలబడతాయి.

భూమి కొలతల ఆఫీసులో
ఇరవయ్యారేళ్లు సిరాతో గీశాను నేను.
గీత తప్పితే బ్లేడుతో గీకాలి,
గీకితే కాగితం చిరుగు,
చిరిగితే పైవాడి తిట్లు.
ఇప్పుడు తప్పుని వెనక్కి తీసుకోడానికి ఒక్క మీట!
దాన్ని కనిపెట్టింది ఏ తల్లి బిడ్డో,
వాడి గుర్రం ఎప్పుడూ కాలు జారకూడదు.

కాలిబాట గీసేటప్పుడు మరీ దగ్గరికి వెళ్లకు.
దగ్గరికి పోతే అది రాళ్లు,
కాస్త ఎడంగా ఉంటేనే దారి.

ఇరవై ఇళ్లకోసారి పంపించెయ్.
నిరుడు జూన్ చలిలో
ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ
మూడొందలు గీసుకుని కూర్చున్నాను.
టప్పున చీకటి.
కరెంటు వచ్చాక చూస్తే
ఊరు లేదు, ఉత్త కొండ.

ఇక ఒక ఇంటిని కాపీ చేసి
నలభై చోట్ల అతికించే విద్య ఉంది.
నీకు తెలుసులే, నీ వేళ్లు చెబుతున్నాయి.
హా మొఖాబిలో నేనూ అదే చేశాను.
పదకొండు నిమిషాల్లో ఊరు పుట్టించి
కాఫీ తాగాను, కాలు మీద కాలేసుకుని.

మరుసటి నెల కెనెవె అనే నర్సు
టీకాల పెట్టె గుర్రానికి కట్టి,
మంచు పేరుకున్న వాగు దాటి,
నా పటం పట్టుకుని
తొమ్మిది ఇళ్లకు వెళ్లింది.
తొమ్మిదీ రాతి దొడ్లే.
"ఎమ్మే, గొర్రెలన్నీ కులాసా" అని ఫోను చేసింది.
నవ్విందిలే.
ఆ నవ్వులో పళ్లు టకటకా కొట్టుకోవడం
నాకు ఇక్కడికి వినపడింది.

అందుకని నీడ చూడు.
మా వైపు సూర్యుడు ఉత్తరాన నడుస్తాడు,
నీడ పటంలో కిందికి జారుతుంది.
గడ్డికప్పు నీడకి మొన ఉంటుంది.
దొడ్డికి కప్పు లేదు,
గోడ నీడ లోపలికే పడి
సగం తిన్న రొట్టెలా ఉంటుంది.
ఒక్కో ఇంటికి రెండు క్షణాలు.
ఆ రెండూ మిగల్చకు.

పేర్ల సంగతా?
దానికి మీట లేదు నాయనా.
ఊరిపెద్ద భార్యకి ఫోను చెయ్యాలి.
ఆవిడ ముందు నీ ఆరోగ్యం అడుగుతుంది,
తర్వాత వాన,
తర్వాత నువ్వు ఏ ఇంటి మనిషివి,
మీ మేనమామ కాలు ఎలా ఉంది.
నలభై నిమిషాలయ్యాక
దిగువన ఉన్నవాళ్లది ఒక పేరని,
ఎగువవాళ్లు ఆ పేరుకి పలకరని,
ఎందుకు పలకరో ఫోనులో చెప్పేది కాదని
నెమ్మదిగా బయటపడుతుంది.
అప్పుడు రెండు పేర్లూ రాసుకో.
తొందరపెట్టావో, ఒకటే చెబుతుంది.

ఎనిమిదికి రెండు నిమిషాలుంది.
గీసినంతవరకు పంపించు, ఊ.
వెళ్లిందా?
సరే, కొవ్వొత్తి ఆ డబ్బా వెనకాల ఉంది.
నీ ఫోనులో చార్జింగ్ ఎంతుంది?
ఆవిడ ఈపాటికి పశువుల్ని కట్టేసి ఉంటుంది.