ఒకటికి యాభై

ఇల్లు కట్టి చూడమంటారు కదా,
ఈ ఏడాది నలభై మూడు కట్టాను.
ఒక్కదాంట్లోనూ నా పాదం పట్టదు.

షెఫీల్డ్‌లో, రైలు వంతెన కింది వర్క్‌షాపులో
రాత్రంతా ప్రింటర్ తనలో తాను గొణుక్కుంటూ
పొర మీద పొర, పొర మీద పొర
క్లినిక్ ముందు భాగాన్ని పోతపోస్తుంది.
పొద్దున తలుపు తీస్తే కాలిన చెక్క వాసన:
నిన్న లేజర్ కోసిన కిటికీలు, నూట పన్నెండు.
ఒక్కటీ వంకర లేదు.
అదే నాకు కాస్త బెంగ.

వెర్నన్‌కి మరమీద కోపమేం లేదు.
"దాని చెయ్యి వణకదు, నాది వణుకుతుంది, అంతే" అంటాడు.
డెబ్భై ఒకటో ఏట, వారానికి రెండు రోజులొచ్చి
చెట్లు మాత్రం తనే చేస్తాడు,
పెరట్లో ఎండిన పూలగుత్తుల్ని జిగురులో ముంచి.
ఈ ఊరి ఉక్కు బ్లేడు
అతని వేళ్ళ మధ్య ఊపిరి బిగబట్టి నడుస్తుంది.

బాల్సా చెక్క ముట్టుకుంటే నాకు తెల్లపొణికి గుర్తొస్తుంది.
అదే తేలిక. గోరు దిగితే అదే లొంగుబాటు.
ఆ మాటే చెప్పాను.
"మీ దగ్గర దానితో ఏం కడతారు?"
"ఏనుగుల్ని. అంబారీతో సహా."
టీ ఒలికేదాకా నవ్వాడు.

గురువారం, అంతా అతికించేశాక,
చొక్కా చేతి గుండీ పుటుక్కున తెంపి
ర్యాంపు మీద నిలబెట్టి వదిలాడు.
దొర్లింది, దొర్లింది,
మలుపు దగ్గర గోడకి కొట్టుకుని
బల్ల మీదికి పడింది.
"ఒకటికి యాభైలో చక్రాల కుర్చీ చక్రం
సరిగ్గా ఇంతే" అన్నాడు.
చెల్లెలు మేవిస్‌ని ఆరేళ్ళు తోశాడట.
ఆ సంగతి అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

తెర మీద మాత్రం మలుపు చక్కగానే ఉంది.
ఆకుపచ్చ టిక్కు కూడా ఉంది.
కటకటాల మందం ఎవరూ కలపలేదు.

శుక్రవారం ఆర్కిటెక్టమ్మ వచ్చింది.
నేనేం మాట్లాడకుండా గుండీ చేతిలో పెట్టాను.
వదిలింది. పడింది.
మళ్ళీ వదిలింది.
కోటు విప్పి కుర్చీ లాక్కుంది.

ఫైలు దిద్దడానికి ఏడు నిమిషాలు పట్టింది.
ప్రింటర్‌కి మళ్ళీ ఒక రాత్రి.

గుండీ ఇంకా నా బల్ల మీదే ఉంది.
కుట్టుకోమని రెండుసార్లు చెప్పాను,
తెరిచిన చేతిపట్టీతోనే తిరుగుతున్నాడు.
వచ్చే పని ఒకటికి వంద.
దానికి పసిపిల్లల చొక్కా గుండీ కావాలట,
వెతుకుతున్నాం.