గోరంత జల్లెడ

మిర్చి సీజన్ల ఏనుమాముల గాలి
మనిషికే పడది, ఇంజనుకేం పడతది.
ఎయిర్ ఫిల్టర్ తీసి ఒక్కసారి దులిపిండో లేదో
యాకయ్య వరుసగ తొమ్మిది తుమ్ములు తుమ్మి,
కండ్లు తుడుసుకుంట అడిగిండు:
"అన్నా, ఇది కారా, కారమా?"

రెండువేల ఒకటి మోడల్ హోండా సిటీ.
పత్తి అడ్తిదారు సారంగపాణి దగ్గర కొన్న.
ఆయన దీన్ని పదేండ్లు
జిన్నింగు మిల్లుకూ ఇంటికీ నడుమ
మూడో గేరు దాటనియ్యక నడిపిండు,
పందెం కోడిని గుడ్ల కోసం సాదినట్టు.

నేను కోల్డ్ స్టోరేజీల కంప్రెషర్లు చూసేటోన్ని.
రాత్రి డ్యూటీ.
లక్ష బస్తాల మిర్చి చలికి ముడుసుకొని పండుకుంటే
తెల్లారేదాక ఆ మోత వింటుంట.
మోతల ఎంటికంత తేడా వచ్చినా
కుర్చీలకెల్లి లేస్త.
ఈ బండి మోతల
ఏదో ఒకటి తక్కువున్నది.
ఏందో తెల్వది.

తెల్వనోడు ఏం చేస్తడు, ఖర్చు చేస్తడు.
నాలుగు పైపులు రెండై, రెండు ఒకటయ్యే హెడ్డరు
మట్టెవాడల సర్వర్ భాయ్ చేసిచ్చిండు.
అతుకులు జడ అల్లినట్టున్నయి.
బండి కిందికి పోయేదానికి
ఇంత అందమెందుకు భాయ్ అంటే
"నేను చూసిన గద" అన్నడు, కండ్లద్దాలు పైకి నెట్టి.

స్ప్రింగులు ఇంచున్నర దించిన.
నయీంనగర్ స్పీడ్ బ్రేకరు
మొదటి రోజు ఆయిల్ చాంబర్ను నాకింది.
రెండో రోజు కొరికింది.
మూడో రోజు పాత స్ప్రింగులే మల్ల ఎక్కినయి.

ఎంత పెరిగిందని స్వరూప అడిగింది.
"పది గుర్రాలు" అన్న, ఉజ్జాయింపుగ.
"మరి గడ్డి?" అన్నది,
కరెంటు బిల్లు నా చేతుల పెట్టి.

ఇంత చేసినా
అయిదున్నర వేల కాడ
ముల్లు వణికి నిలవడతది.
అక్కడికెల్లి పెద్ద కామ్ అందుకోవాలె.
అందుకుంటలేదు.
పైన ఇంకొక మెట్టున్నదని ఎత్తిన కాలు
గాలిల్నే ఉన్నట్టు.

ఆటోనగర్ల, నీలి తాడిపత్రి కింద,
యాకయ్య చాయకు పోయిన సందుల
పిలగాడు చేరాలు విప్పిండు.
పదో నంబరు పాన, మూడు బోల్టులు.
సోలినాయిడు వెనుక గాస్కెట్టు,
దాని నడుమ గోరంత జల్లెడ.
నూనె పైకెక్కే తొవ్వ అదే.
నిండ నల్ల జిగట.
సారంగపాణి పదేండ్ల నిమ్మళం
అక్కడ గడ్డకట్టి కూసున్నది.
చేరాలు దాన్ని ఎండకు పెట్టి చూసిండు.
ఒక్క పోగు వెలుగు కూడ రాలే.

నేను లెక్క వెయ్యలేదు.
యాకయ్యే వేసిండు, నలుగురు వినేటట్టు:
హెడ్డరుకు ఇరవై రెండు వేలు,
ఎక్కి దిగిన స్ప్రింగులకు పద్దెనిమిది,
కొత్త గాస్కెట్టుకు నూటఎనభై.

తెల్లారి డ్యూటీ దిగంగనే
చేరాలును ఎక్కించుకొని హసన్‌పర్తి దాటిన.
రోడ్డు మీద మంచు, మేమిద్దరం.
రెండో గేరు. నాలుగు వేలు. అయిదు.
వాడు పై హ్యాండిలు పట్టుకున్నడు.
అయిదున్నర.

ఉరుము గాదు, పులి గాదు.
కొన్నొద్దులుగ గొంతు చీలుతున్న పోరడు
ఒకనాడు పొద్దుగాల లేసి పిలిస్తే
నిండు మగ గొంతు వచ్చినట్టు,
ఇంట్లోల్లు ఎవరొచ్చిన్రా అని తిరిగి చూసినట్టు.
ముల్లు ఏడు వేల దిక్కు పోతనే ఉన్నది.
నా అరికాలికి తెలిసింది, ఆ తర్వాత చెవికి,
అందరికంటె ఆఖరుకు నాకు.

ఎదురుంగ పాల క్యాన్ల బండి.
కాలు తీసిన.
మిగిలిన మోతంత వెనుక చేన్లల్ల పడిపోయింది.

ఏమన్న అంటడేమోనని చూస్తే
చేరాలు జేబుల చెయ్యి పెట్టి
పాత గాస్కెట్టు తీసిండు.
పారెయ్యలేదట. రాత్రి పెట్రోల్ల నానేసి
పండ్ల బ్రష్షుతోని రుద్దిండట.
పొద్దు దిక్కు పెట్టి
ఒక కన్ను మూసిండు.
తెరిసిన కంటి మీద
ఈసారి వెలుగు, సన్నసన్న గడులుగ.