రాత్రి ఇన్‌చార్జి

ఎనిమిదింటికి తాళంచెవులు నా చేతికొచ్చాయి.
ముప్పై నాలుగు మంచాలు, నేల మీద ఆరు పరుపులు,
ఆడా మగా మధ్య ఒక్క ఆకుపచ్చ తెర,
ఇద్దరు సిస్టర్లు, ఒక స్టూడెంటు, ఒక ఆయా.
మూడో సిస్టరు ఫోన్ చేసింది,
ఉప్పల్‌లో వాన, నీళ్లల్లో బస్సు ఆగిందని.
సరే అన్నాను.
నాకో కుర్చీ ఉంది గానీ
దాని మీద సెలైన్ డబ్బా కూర్చుంది.

చేతులు కట్టుకుని రౌండు వేశాను.
కట్టుకోకపోతే అవి పనిలోకి దిగుతాయి,
ఒక్క కట్టు దగ్గరే తెల్లారిపోతుంది.
పందొమ్మిదేళ్ల కింద ఏలియమ్మ సిస్టరు
నా మణికట్టు పట్టుకుని, మలయాళం యాసలో, కోపంగా:
"ఇవాళ నువ్వు ఒక్క మంచానికి నర్సు కాదు."

పదిహేనో నెంబరు అరుస్తున్నాడు.
కాలు విరిగిన ఆటో డ్రైవరు,
అఫ్జల్‌గంజ్ బస్టాండు దాకా వినపడేట్టు.
తమ్ముళ్లు నలుగురు నా చుట్టూ మూగారు.
అరిచేవాడికి ఊపిరుంది.
నేను వాళ్ల భుజాల మీదుగా చూస్తున్నది
ఇరవై రెండును.

గోడవైపు తిరిగి పడుకున్నాడు, సెంట్రింగు పిల్లగాడు.
"జరం దిగింది మేడం, నిమ్మళంగ పండుకున్నడు,"
తల్లి మొహంలో అయిదు రోజుల తర్వాత వెలుగు.
పాదం ముట్టుకున్నాను.
ఫ్రిజ్‌లోంచి తీసిన పాల ప్యాకెట్టు.
పై అంకె తొంభై. కింది అంకె డెబ్బై ఆరు.
డెంగీ జ్వరం దిగాకే దొంగదెబ్బ తీస్తుందని
ఆ వెలుగుకి ఎట్లా చెప్పను?

సంపూర్ణా, ఇరవై రెండుకి ఇంకో లైను.
నుజ్‌హత్, పదిహేనుకి నొప్పి ఇంజెక్షను,
ఆ నలుగుర్లో ముగ్గుర్ని బయటికి.
నవనీతా, అందరి టెంపరేచర్లు;
తెలియకపోతే తెలియలేదని రాయి, అంకె కల్పించకు.
మల్కమ్మా, ఈ రక్తం ల్యాబుకి,
లిఫ్టు కోసం ఆగొద్దు.
డాక్టరుకు ఫోను నేను చేస్తా.

సంపూర్ణకు మొదటిసారి నరం జారింది.
నేనైతే ఒక్క పోటుకే పట్టేదాన్ని.
జేబులో నా వేళ్లు తాళంచెవుల్ని నలిపాయి.
ఇంకొక్కసారి, అన్నాను, టార్చి పట్టుకుని.
ఇది తప్పితే నేను.
ఆ ఇరవై సెకన్లు ఎవరి ఖాతాలో రాయాలో
ఇప్పటికీ తెలియదు.
గొట్టంలో ఎర్రగా చిన్న చుక్క మెరిసింది.
సంపూర్ణ ఊపిరి వదిలింది, నేనూ.

ఇంతలో తొమ్మిదో నెంబరు.
ధూల్‌పేటలో పతంగులు అతికే గెందాబాయి,
మాంజాతో కోసుకుపోయిన వేళ్లతో నా కోటు అంచు పట్టి:
"సిస్టరమ్మా, జర నెత్తి దువ్వవా?
పొద్దుగాల స్కానింగుకు గిట్లనా పోయేది?"
ఇప్పుడే వస్తా అన్నాను.
పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి,
ఆక్సిజన్ సిలిండరు దొర్లిస్తూ ఇంకోసారి.
నిజంగానే అన్నాను, మూడుసార్లూ.
నా లెక్కలో జుట్టు ఎప్పుడూ ఆఖరు.

నాలుగున్నరకు మూసీ వాసన కిటికీలోంచి వచ్చింది.
ఇరవై రెండు మూత్రం పోశాడు.
సీసా ఎత్తి వెలుతురులో చూసి
నవనీత పరీక్ష పాసైనట్టు నవ్వింది.
పై అంకె నూట నాలుగు, కింది అంకె డెబ్బై.
పదిహేను గురకపెడుతున్నాడు,
బయట తమ్ముళ్లు ఇరానీ చాయ్ పట్టుకుని నిలబడ్డారు, నాకూ ఒకటి.

చాయ్ చేతిలో ఉండగానే గుర్తొచ్చి
తొమ్మిది దగ్గరికి పరుగున వెళ్లాను.

గెందాబాయి లేచి కూర్చుంది.
పాపిడి తిన్నగా, జడ బిగువుగా,
చివర గాజుగుడ్డ పీలికతో పువ్వు ముడి.
నేను ఎవరికీ చెప్పలేదు ఈ పని.
చెప్పినవన్నీ పుస్తకంలో ఉన్నాయి,
టిక్కులతో, సంతకాలతో.

మెట్ల కింద మల్కమ్మ
గోడకానుకుని నిద్రపోతోంది,
పిడికిట్లో దువ్వెన, దాని పళ్లకు నెరిసిన వెంట్రుకలు రెండు.

హ్యాండోవర్‌లో రాశాను:
తొమ్మిది, స్కానింగు, కడుపు ఖాళీగా ఉంచాలి.
ఇంకేం రాయాలో తోచలేదు.

ఆయాను లేపమంటారా, అడిగింది నవనీత.
ఏడయ్యాక, అన్నాను.
అప్పటిదాకా నేలబకెట్టు నాకియ్యి.