రెండు గంటల దారి

అడవి మొదట్లో ఎర్ర పలక:
కొండగుడిసెకి రెండు గంటలు.
బస్సు నడిపేదాన్ని, నిమిషాలు నా చేతిగీతలు.
బోహిన్ లోయలో తొమ్మిది స్టాపులు,
కాస్త ఆలస్యమైతే అద్దంలో మొహాలు ముడుచుకుంటాయి.
ఈ ఆదివారం నా బండిలో ఇద్దరే:
ఇరవై రెండు నెలల తింకా,
పన్నెండేళ్ళ గ్రోమ్.

గ్రోమ్ అంటే మా మాటలో ఉరుము.
పేరు పెట్టిన రోజుల్లో నిజంగానే ఉరిమేవాడు.
శిఖరం ముట్టి, వెనక్కొచ్చి, నన్ను తిట్టి,
మళ్ళీ ఎక్కేవాడు.
ఇప్పుడు గురకలో తప్ప ఉరమడు.

మొదటి అరగంటలో మేం దాటింది
ఒక చెక్కవంతెన,
దాన్నే ఏడుసార్లు.

మానుల మీద దారిగుర్తులు:
తెల్లచుక్క, చుట్టూ ఎర్రటి వలయం.
కనిపించిన ప్రతిదాన్నీ వేలితో పొడిచి
"కన్ను" అంటుంది తింకా.
తనకొచ్చిన పద్నాలుగు మాటల్లో అదొకటి.
అదే మాను మొదట్లో గ్రోమ్ కాలెత్తుతాడు.
ఒకరు చదువుతారు, ఒకరు సంతకం పెడతారు.
నేను గడియారం చూసుకుంటాను.

పైకి వెళ్ళేకొద్దీ లార్చ్ చెట్లు.
ఇక్కడి సూదాకుల చెట్లలో
రాలడం తెలిసింది వీటికే.
గాలి ఒక్కసారి విదిలిస్తే
ఎవరో చాట దులిపినట్టు దారంతా పసుపు.
గ్రోమ్ నల్లటి వీపు మీంచి
ఒక్కో సూదీ ఏరి నా చేతిలో పెడుతుంది తింకా,
జాగ్రత్తగా, బాకీ తీరుస్తున్నట్టు.
నేను జేబులో వేసుకుంటాను.

ఆవులు దిగిపోయి నెలైన మేతబయలు.
ఎండిన పేడకడి ఒకటి దొరికింది.
దాని ముందు ఇద్దరూ చతికిలబడ్డారు,
తాళపత్రం ముందు పండితుల్లా.
చేతికర్రల వాళ్ళు టకటకమంటూ
మమ్మల్ని దాటిపోయారు.

అప్పుడు తట్టింది.
నిరుడు ఈమె నా వీపు మీద, అతను ఎక్కడో ముందు.
వచ్చే ఏడు ఈమె ముందు, అతను...
నీళ్ళసీసా మూత తిప్పాను.
ఈ ఒక్క అక్టోబరులోనే
ఇద్దరి నడకా ఒకటి.
ఒకే రాయి దగ్గర ఆగి
ఒకేలా ఆలోచిస్తారు: ఎక్కాలా, చుట్టి పోవాలా.
తను అతని చెవి పట్టుకుంటుంది, అతను ఊరుకుంటాడు.
ఎవరు ఎవర్ని ఎక్కిస్తున్నారో తెలీదు.

నాలుగు గంటల పది నిమిషాలు.
గుడిసె కిటికీలకి చలికాలపు చెక్కలు బిగిస్తున్నాడు పోల్దె,
నోటినిండా మేకులు.
పొయ్యి ఆర్పేశానని సైగ చేసి,
తింకాని చూసి, మళ్ళీ వెలిగించాడు.
బక్‌వీట్ సంకటి, పుల్లపాలు.
సగం తింకా తింది,
మిగతా సగం బల్లకింద చప్పుడైంది.
"శిఖరం ఇంకో గంటే" అన్నాడు మేకులు తీసి.
"ఎవరి గంట?" అన్నాను.

దిగేటప్పుడు తింకా నిద్రపోయింది,
వీపున ఉప్పుమూట.
వంతెన లేని వాగు దగ్గర గ్రోమ్ ఆగాడు.
పొద్దున దాటిన నీళ్ళే.
కాలు పెట్టాడు, తీశాడు,
నన్ను చూడకుండా పక్కకి చూశాడు,
మర్యాదస్తుడు అప్పు అడిగేముందు చూసినట్టు.

వంగాను.
వెనక పన్నెండు కిలోలు, ముందు ఇరవై రెండు.
మెడమీద ఒక ఊపిరి,
గడ్డం కింద ఇంకోటి, తడితడిగా.
రాయి మీంచి రాయి మీదికి
పాదంతో వెతుక్కుంటూ.
ఒడ్డు వచ్చాక కూడా
కొంతదూరం దించలేదు.

మర్నాడు, అయిదూ నలభై బస్సు.
చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టాను.
ఎవరో ముసలాయన అరచేతిలో
రెండు నాణేలు, మూడు పసుపు సూదులు.
ఆయన లెక్క చూసుకుని
ఏమీ అనకుండా
పిడికిలి మూశాడు.