జేబులో కార్జం ముక్కలు

తార్తూ ఊరి చివర అయిదంతస్తుల పాత భవనం.
లిఫ్టు లేదు. నాది పై అంతస్తు.
ఎనిమిది వారాల కుక్కపిల్లకి డెబ్బై తొమ్మిది మెట్లు
దిగడం రాదు,
ఆపుకోవడం అంతకన్నా రాదు.

పెట్టె కొనేటప్పుడు పెద్దదే చూశాను,
ఎలాగూ పెరుగుతుంది కదా అని.
కొట్టులో కుర్రాడు వద్దన్నాడు.
"నిలబడాలి, వెనక్కి తిరగాలి, కాళ్ళు చాపుకోవాలి, అంతే.
చోటెక్కువైతే ఈ మూల పడకగది,
ఆ మూల పాయిఖానా చేసుకుంటుంది."
ముప్పై నాలుగేళ్ళు రైల్లో టికెట్లు కొట్టినదాన్ని,
చోటు సంగతి నాకు చెప్తాడా అనుకున్నాను.
నిజమే చెప్పాడు.

మూడు రోజులు దాని తలుపు మూయలేదు.
లోపల నా పాత యూనిఫాం కోటు పరిచాను,
ఇత్తడి గుండీలు కోసేసి.
గిన్నె మొదట గుమ్మంలో, తర్వాత నడిమధ్య, తర్వాత ఆ చివర.
నాలుగోనాడు చూద్దును గదా,
ఎవరూ పిలవకుండానే వెళ్ళి పడుకుంది
తన పేరు మీద రిజర్వేషను ఉన్నట్టు.

పిపర్ అని పెట్టాను. మా భాషలో మిరియం.
మిరియమంత ముక్కు, మిరియమంత ఓర్పు.

రాత్రి రెండున్నర.
పెట్టెలోంచి సన్నగా ఒక కూత.
మారాం కూతా, అవసరం కూతా
తేల్చుకునేలోపు బూట్లు వేసుకోవాలి.
తేల్చుకుంటూ కూర్చున్న రాత్రి
వెనిగర్ సీసాతో తెల్లారింది.
తిట్టలేదు.
తిడితే అది నేర్చుకునేది ఒకటే:
నేను చూడని చోట చేయడం.
ఆ విద్య నాకూ వచ్చు.
మా అమ్మ గట్టి మనిషి.

కోటు లోపల దాన్ని,
జేబులో ఉడికించిన కార్జం ముక్కల్ని పెట్టుకుని
డెబ్బై తొమ్మిది.
బయట మైనస్ పద్దెనిమిది.
ఎప్పుడూ అదే చోటు, చెత్తడబ్బాల పక్కన బర్చ్ చెట్టు కింద.
మాట్లాడకూడదు. ఆడించకూడదు. రెండో చెట్టులా నిలబడాలి.
అది మంచును వాసన చూస్తుంది,
మంచులో నిన్నటి తనను వాసన చూస్తుంది,
ఎగిరొచ్చిన చాక్లెట్ కాగితంతో చిన్న యుద్ధం చేస్తుంది,
నా కాలివేళ్ళు ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి,
అప్పుడు, ఎట్టకేలకు,
వంగుతుంది.
తెల్లటి నేల మీద పసుప్పచ్చ గుంట, దానిపైన ఆవిరి.

అప్పుడే చెప్పాలి. ఆ క్షణంలోనే.
ఇంట్లోకొచ్చాక చెబితే
మెట్లెక్కినందుకు అనుకుంటుంది.
"తుబ్లి!" అన్నాను. భేష్ అని.
గొంతు బొంగురుపోయింది.
నా నోట నలిగిన మాట కాదది.
టికెట్టు చూపించినవాణ్ణి ఎవరు మెచ్చుకుంటారు?
మా ఆయన ఆర్వో తోట ఇంటి వెనక
పద్దెనిమిది శీతాకాలాలు కట్టెలు పేర్చాడు గోడ కట్టినట్టు.
ఒక్కటి జారితే ఒట్టు.
చెప్పొచ్చులే అనుకున్నాను.
దేనికైనా ఒక క్షణం ఉంటుందని
ఏ కొట్టు కుర్రాడూ అప్పుడు చెప్పలేదు.

కింది అంతస్తులో రొడియోన్,
ఇరవై రెండేళ్ళ ఇరుగు.
అతని రష్యన్ నాకొచ్చు, మాట్లాడను.
నా భాష అతనికి ముక్క రాదని నా నమ్మకం.
నిద్ర పట్టని మనిషి,
వంటింటి కిటికీలో ఎప్పుడూ ఒక సిగరెట్టు నిప్పు.
రోజూ మా ఊరేగింపు చూస్తున్నాడు కాబోలు,
నిన్న రాత్రి దిగేసరికి
గుమ్మం నుంచి బర్చ్ దాకా మంచు తీసి ఉంది,
పారవెడల్పు దారి, తాడు పట్టి గీసినట్టు.
పార ఇంకా అతని చేతిలోనే.

పిపర్ పని కానిచ్చింది. దానికో ముక్క.
నేను అతని వైపు తిరిగి, ఆలస్యం చేయకుండా,
"తుబ్లి" అన్నాను.
నా ఖర్మ, అలవాటుకొద్దీ చెయ్యి జేబులోకి పోయింది.
చాచిన అరచేతిలో కార్జం ముక్క.
వెనక్కి తీసుకోలేను, ఇవ్వలేను.
అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు.
చేతి తొడుగు విప్పాడు.
తీసుకుని నోట్లో వేసుకున్నాడు.
చాలాసేపు నమిలాడు.

"ఉప్పు లేదు," అన్నాడు,
నా భాషలో,
ఒక్క తప్పు లేకుండా.